ఓపీ ఖర్చుల ప్లాన్ కొనాలా వద్దా? పాత బిల్లులతో లెక్క తేల్చుకునే పద్ధతి

పాలసీ రెన్యువల్‌కి వారం ముందు ఏజెంటు ఫోన్ చేశాడు. "సార్, ఇంకో ఆరున్నర వేలు కడితే ఓపీ కవర్, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులకు బీమా కూడా వస్తుంది. ఏడాదికి పదివేల దాకా డాక్టరు ఫీజులు, టెస్టులు, మందులు అన్నీ అందులోనే. మీకు మూడున్నర వేలు మిగిలినట్టే కదా!" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు, నెలకోసారి ఎవరికో ఒకరికి జ్వరమో దగ్గో ఉంటూనే ఉంటుంది. సరే అనబోయి, ఒక్కరోజు ఆగమన్నాను. ఆ రాత్రి బీరువా కింది అరలో ఉన్న ఆసుపత్రి ఫైలు తీసి కూర్చున్నాను. మిగులుతాయన్న మూడున్నర వేలు ఎక్కడా కనపడలేదు.

ఆ రాత్రి వేసిన లెక్కనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ ఇంటి అంకెలు వేరు కాబట్టి మీకు జవాబు వేరే రావచ్చు.

ముందుగా: ఇది బీమానా, ముందే కట్టేసిన ఖర్చా?

మామూలు ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. గుండె ఆపరేషనో, యాక్సిడెంటో ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తే లక్షలవుతాయి. అందుకే వేలమంది తలా కొంచెం వేసుకుంటే, అవసరం పడిన కొద్దిమందికి ఆ డబ్బు చేరుతుంది.

ఓపీ ఖర్చు అలాంటిది కాదు. డాక్టరు ఫీజు, సీబీపీ అనే రక్తపరీక్ష, థైరాయిడ్ టెస్టు, షుగరు మాత్రలు దాదాపు ప్రతి ఇంట్లో ప్రతి ఏడాదీ ఉండేవే. అందరికీ వచ్చే ఖర్చును ఎవరి మీద పంచుతారు? కంపెనీ మీ దగ్గర తీసుకున్న దాంట్లోంచే మీకు తిరిగివ్వాలి, మధ్యలో ఏజెంటు కమీషన్, బిల్లులు చూసేవాళ్ల జీతాలు, లాభం తీసుకోవాలి. పైగా ఇలాంటి ప్లాన్‌ను ఎక్కువగా వాడేవాళ్లే ఏరికోరి కొంటారన్న సంగతి కంపెనీకి మనకంటే బాగా తెలుసు. అందుకే ప్రీమియం, పరిమితి దగ్గరదగ్గరగా ఉంటాయి. మిగతాది షరతుల్లో సర్దుతారు.

అందువల్ల పరిమితి ఎంత అన్న ప్రశ్నతో పెద్దగా పనిలేదు. మన బిల్లుల్లో ఎన్ని ఆ షరతులు దాటి బయటపడతాయన్నదే అసలు ప్రశ్న.

మొదటి మెట్టు: ఇప్పటికే చేతిలో ఉన్నవి చూసుకోండి

ఆసుపత్రిలో చేరితే ఖర్చు భరించే పాలసీ ఇంకా లేకపోతే ఓపీ ప్లాన్ గురించి ఆలోచించడం ఆపేయండి. ఆ డబ్బుతో ముందు అది తీసుకోండి. ఆరోగ్యశ్రీ ఉందిగా అంటారా? అది ప్రధానంగా ఆసుపత్రిలో చేయించుకునే పెద్ద చికిత్సల కోసం. వీధి చివర క్లినిక్‌లో ఇచ్చే ఫీజు దాని కిందకు రాదు.

పాలసీ ఉన్నవాళ్లు దాన్నే ఇంకోసారి చదవాలి. చాలామంది ఓపీ ఖర్చు అనుకునేవి కొన్ని అసలు పాలసీలోనే ఉంటాయి. కాటరాక్ట్ ఆపరేషన్, డయాలసిస్, కీమోథెరపీ లాంటివి ఒక్కపూటలో అయిపోయినా వాటిని 'డే కేర్' కింద లెక్కిస్తారు, ఓపీ కింద కాదు. ఆసుపత్రిలో చేరడానికి ముందు కొన్ని రోజులు, డిశ్చార్జి అయ్యాక కొన్ని రోజులు ఆ జబ్బుకే అయిన డాక్టరు ఫీజులు, టెస్టులు, మందులు కూడా క్లెయిమ్ చేసుకోవచ్చు. చాలా పాలసీల్లో ఇది ముందు 30 రోజులు, తర్వాత 60 రోజులు. కొన్నింట్లో ఇంకా ఎక్కువ. ఏడాదికోసారి ఉచిత హెల్త్ చెకప్ ఇచ్చే పాలసీలూ ఉన్నాయి. మాకు ఆ సౌకర్యం మూడేళ్లుగా ఉంది, ఒక్కసారీ వాడుకోలేదు. ఫైలు తీసిన రాత్రే ఆ సంగతి తెలిసింది!

ఉద్యోగులైతే ఇంకో రెండు విషయాలు చూడాలి. జీతం నెలకు 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతుంటే, మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం ఇప్పటికే కడుతున్నారు. ఈఎస్ఐ డిస్పెన్సరీలో డాక్టరు, టెస్టులు, మందులు మీకూ మీ కుటుంబానికీ అందులోనే. అక్కడ క్యూ పొడవే, కాదనను. కానీ రెండోసారి డబ్బు కట్టే ముందు మొదట కట్టిన డబ్బు సంగతి చూడాలి. ఐటీ కంపెనీల గ్రూపు పాలసీల్లో ఓపీ కవర్ కొన్నిసార్లు ముందే కలిపి ఉంటుంది. హెచ్‌ఆర్ పంపిన మెయిల్‌ను ఎవరూ తెరవరు, అంతే తేడా.

రెండో మెట్టు: పన్నెండు నెలల బిల్లులు బయటికి

ఇదే అసలు పని, ఒక సాయంత్రం పడుతుంది. ఫైల్లో కాగితాలు, ఫోన్‌పే, గూగుల్‌పే హిస్టరీ, ల్యాబు వాళ్లు వాట్సాప్‌లో పంపిన రిపోర్టులు ముందు పెట్టుకోండి. డాక్టరు ఫీజు, టెస్టులు, మందులు, పళ్లు, కళ్లు అని అయిదు గీతలు గీయండి. ప్రతి ఖర్చు పక్కన రెండు విషయాలు రాయాలి: ఎవరి దగ్గర చూపించారు, డాక్టరు చీటీ, బిల్లు రెండూ ఉన్నాయా లేదా.

మా ముగ్గురి లెక్క ఇలా తేలింది.

డాక్టరు ఫీజులు 11 సార్లకు 6,000. అందులో బాబు డాక్టరుకే 5 సార్లు, సారికి 500 చొప్పున 2,500. జనరల్ ఫిజీషియన్‌కు 3 సార్లు 500, చర్మం డాక్టరుకు 2 సార్లు 700, కంటి డాక్టరుకు ఒకసారి 600. టెస్టులకు 4,200. మందులకు 5,300. నాకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసినందుకు 9,000. మా ఆవిడ కళ్లద్దాలకు 3,500. మొత్తం 28,000.

ఇంత అయిందని అప్పటిదాకా మా ఇద్దరికీ తెలియదు. విడివిడిగా ఇస్తాం కాబట్టి గుర్తుండదు. ఏజెంటు చేతిలో ఈ అంకె పడి ఉంటే అక్కడికక్కడే సంతకం పెట్టించేవాడు.

ఒక హెచ్చరిక. నిరుడు డెంగీ లాంటిదేదో వచ్చి ఖర్చు ఒక్కసారిగా పెరిగి ఉంటే ఆ ఒక్క ఏడాదినే నమ్ముకోకండి, అంతకు ముందు ఏడాది కూడా తిరగేయండి. రూట్ కెనాల్ కూడా ఏటా చేయించుకునేది కాదు కదా.

మూడో మెట్టు: ప్లాన్ కాగితం పక్కన పెట్టుకుని కొట్టివేతలు

బ్రోషర్ వద్దు. కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అడగండి. ఏది వర్తిస్తుందో ఏది వర్తించదో తేలిక మాటల్లో చెప్పే ఆ కాగితాన్ని బీమా కంపెనీలు తప్పనిసరిగా ఇవ్వాలి. పాలసీ నిబంధనల్లో ఓపీ పేజీ కూడా తెప్పించుకోండి. ఆ రెండూ ముందు పెట్టుకుని మీ జాబితాలో ఒక్కో వరసనూ పరీక్షకు పెట్టాలి.

నాకు వచ్చిన ప్లాన్‌లో షరతులివి: నెట్‌వర్క్ డాక్టర్లకే, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, ఒక్కో సందర్శనకు 500 మించి ఇవ్వరు. టెస్టులకు ఏడాదికి 3,000, మందులకు 2,000. పళ్లకూ కళ్లద్దాలకూ లేదు. అన్నింటి మీదా 20 శాతం మనమే భరించాలి.

బాబు డాక్టరు నెట్‌వర్క్‌లో లేడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషిని ప్లాన్ కోసం మార్చం కాబట్టి ఆ 2,500 కొట్టివేత. మిగిలిన 6 సందర్శనలకు 500 చొప్పున 3,000. టెస్టుల్లో 1,500 మేమే వెళ్లి చేయించుకున్న ప్యాకేజీకి అయింది, డాక్టరు చీటీ లేదు. అది పోగా 2,700. మందుల్లో చీటీ, బిల్లు రెండూ ఉన్నవి 2,400. మిగతావి మెడికల్ షాపులో 'అన్నా, జలుబుకి ఏదైనా ఇవ్వు' అని తెచ్చుకున్నవి. పరిమితి 2,000 కాబట్టి అంతే.

మొత్తం 7,700. అందులో 20 శాతం పోతే 6,160. కట్టాల్సింది 6,500.

ఇంట్లో 28,000 ఖర్చయింది, పదివేల పరిమితి ఉంది, అయినా ప్లాన్ తీసుకుంటే 340 రూపాయలు నష్టం. ఆ ఆరు సార్లూ బిల్లులు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం, 'చీటీ మీద తేదీ సరిగా కనపడటం లేదు' అని వచ్చే మెసేజ్‌కు జవాబివ్వడం అదనం.

మన ఊళ్ల పద్ధతి కూడా కొంత కలిపి చూడాలి. చాలా క్లినిక్‌లలో ఒకసారి ఫీజు కడితే వారం పది రోజుల్లో రివ్యూకు మళ్లీ తీసుకోరు. అంటే ప్లాన్ లేకుండానే కొన్ని సందర్శనలు ఉచితం. ఇంకోవైపు చిన్న క్లినిక్‌లలో ఫీజుకు రసీదు ఇవ్వరు, అడిగితే వింతగా చూస్తారు. మెడికల్ షాపు బిల్లు మీద పేషెంటు పేరు ఉండాల్సిన చోట ఏదీ ఉండదు. క్లెయిమ్ చేయాలంటే చీటీ మీదా బిల్లు మీదా ఒకే పేరు ఉండాలి. ఇవన్నీ మీరు చేయించుకోగల మనుషులేనా అన్నది మీకే తెలియాలి. నేనైతే కాదు.

నాలుగో మెట్టు: పన్ను సంగతి

ఆరోగ్య బీమా ప్రీమియానికి ఆదాయపు పన్నులో 80డి పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో ఉన్నవాళ్లు ఈ మెట్టు దాటేయవచ్చు. పాత విధానంలో 60 ఏళ్ల లోపు వాళ్లకు తమ కుటుంబ ప్రీమియం మీద 25,000 దాకా మినహాయింపు. ఓపీ కోసం కట్టే అదనపు ప్రీమియం కూడా ఇందులోకే వస్తుంది, పాలసీలో భాగమైతే. కానీ అసలు పాలసీకే 25,000 దాటి కడుతుంటే ఓపీ ప్రీమియానికి అదనంగా వచ్చేదేమీ లేదు.

చోటు మిగిలి ఉండి, 20 శాతం శ్లాబులో ఉంటే, సెస్సుతో కలిపి 20.8 శాతం. 6,500 మీద 1,352 ఆదా. అప్పుడు నా లెక్క తిరగబడి వెయ్యి రూపాయల పైచిలుకు లాభం చూపిస్తుంది. చిన్న అంకెలతో ఉన్న ప్లాన్లలో తరాజు ఇలా ఒక్క విషయంతోనే అటు ఇటు అవుతుంది, అందుకే ఏ విషయాన్నీ వదిలేయకూడదు.

హెల్త్ చెకప్‌కు 5,000 దాకా ఇదే పరిమితిలో చూపించుకోవచ్చు. దానికి ఏ ప్లానూ అక్కర్లేదు, నగదుగా కట్టినా చెల్లుతుంది.

జీఎస్టీ విషయంలో పాత వ్యాసాలు చదివి మోసపోకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు. అంతకు ముందు 18 శాతం ఉండేది. గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు లేదు.

అయిదో మెట్టు: దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు

ఇంతదాకా చదివి ఓపీ ప్లాన్లన్నీ దండగ అనుకోకండి. షుగరు, థైరాయిడ్ ఉన్న 45 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. నెలకు మందులు 1,100, ఏడాదికి 13,200. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (షుగరు సగటు చూపే టెస్టు) వగైరా టెస్టులకు 1,200 చొప్పున 4,800. డాక్టరుకు 600 చొప్పున 4 సార్లు 2,400. మొత్తం 20,400, ఇది ఏటా తప్పని ఖర్చు. 15,000 పరిమితి ఉండి, మందులకు విడిగా హద్దు పెట్టకుండా, 10 శాతం మాత్రమే మనమీద వేసే ప్లాన్ 9,000కు దొరికిందనుకుందాం. 20,400లో పది శాతం పోయినా 18,360 కాబట్టి పూర్తి 15,000 చేతికొస్తుంది. ఆరు వేలు లాభం.

కానీ కొనే ముందు ఈ మనిషి ఇంకో పని చేయాలి: జన ఔషధి కేంద్రానికి చీటీ పట్టుకెళ్లి అవే మందుల ధర అడగాలి. బ్రాండు మందుల కంటే అక్కడ 50 నుంచి 90 శాతం దాకా తక్కువ అని ప్రభుత్వం చెప్పే మాట. అన్ని మందులూ దొరకవు, దొరికినవి మార్చే ముందు డాక్టరును అడగాలి. మందుల ఖర్చు ఏడాదికి 4,500కు దిగిందనుకోండి, మొత్తం 11,700 అవుతుంది. ప్లాన్ నుంచి వచ్చేది 10,530, లాభం 1,530కి పడిపోతుంది. ప్లాన్ లేకుండానే ఆదా అయింది 8,700. ప్లాన్ వల్ల రాబోయిన ఆరు వేల కంటే అది ఎక్కువ.

ఇలాంటి వాళ్లు నిబంధనల్లో ముందు వెతకాల్సింది పాత జబ్బుల వెయిటింగ్, అంటే కొనేనాటికే ఉన్న జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని కాలం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం పాత జబ్బులకు వెయిటింగ్ గరిష్ఠంగా 36 నెలలు. ఓపీ భాగానికి అది వర్తిస్తుందా లేదా అన్నది ప్లాన్‌ను బట్టి మారుతుంది. వర్తిస్తే, షుగరు కోసమే కొన్నవాళ్లు మూడేళ్లు షుగరు బిల్లు తప్ప మిగతావన్నీ పెట్టుకోవాలి!

అమ్మానాన్నల కోసం కొంటుంటే

డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న పెద్దవాళ్ల పేర ఓపీ ప్లాన్ కొనడం చూస్తున్నాను. వాళ్లకు డబ్బు సమస్య కాదు, చూసేవాళ్లు లేరన్న టెన్షన్. ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారు, మందులు ఇంటికే వస్తాయి, ఫోన్లో డాక్టరు దొరుకుతాడు అంటే ధైర్యం. అది తప్పు కాదు. కాకపోతే అమ్మానాన్నల పిన్‌కోడ్ వేసి నెట్‌వర్క్ చూడండి. హైదరాబాద్‌లో వందల క్లినిక్‌లు చూపించే యాప్ చిన్న పట్టణం పేరు వేస్తే రెండు ల్యాబులు చూపిస్తుంది.

మా అమ్మ తెనాలిలో ఉంటుంది, షుగరూ బీపీ ఉన్నాయి. ఈ ప్లాన్ సంగతి చెబితే, "ఆ కార్డు పట్టుకుని ఊరంతా తిరగాలట్రా? మన డాక్టరుగారు తీసుకోరుగా" అంది. నెట్‌వర్క్ జాబితా చూశాను, ఆవిడ చెప్పిందే నిజం.

ఆవిడకు ఆరోగ్య బీమా ఏదీ లేదు, ఆ వయసులో, ఆ జబ్బులతో కోట్ చేసిన ప్రీమియం చూసి వెనక్కి తగ్గాం. అలాంటి 60 దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చులు పిల్లలు కడితే, పాత పన్ను విధానంలో 50,000 దాకా మినహాయింపు ఉంది. డాక్టరు ఫీజులు, మందులు, టెస్టులు అన్నీ లెక్కే. నగదుగా ఇవ్వకూడదు, యూపీఐ, కార్డు, చెక్కు ఏదైనా సరే. అమ్మకు ఏడాదికి అయ్యే 22,400 మీద, 20 శాతం శ్లాబులో సుమారు 4,660 తగ్గుతుంది. ఆవిడ పేర బీమా ప్రీమియం కడితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. చిన్న ఓపీ ప్లాన్ కోసం దీన్ని పోగొట్టుకోకండి.

ఆరో మెట్టు: ఉచితంగా దొరికేది ఎంత వాడతారు?

దీన్ని చాలామంది నామోషీ అనుకుంటారు. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాల్లో డాక్టరు, మందులు ఉచితం, టెస్టులు తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబులకు పంపి రిపోర్టు ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ ఆరోగ్య కేంద్రాలు, పల్లెలకు వచ్చే 104 బండి ఉన్నాయి. ఫోన్లో డాక్టరుతో మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది, పైసా తీసుకోరు. 'అపరిమిత టెలీ కన్సల్టేషన్' అని ప్లాన్ల మీద పెద్దక్షరాలతో రాసేదానికి ఎంత విలువ కట్టాలో దీన్ని బట్టి ఆలోచించండి.

కార్డు అమ్మేవాళ్ల దగ్గర జాగ్రత్త

ఆసుపత్రులు, యాప్‌లు అమ్మే మెంబర్‌షిప్ కార్డులు చాలావరకు బీమా కాదు. డిస్కౌంట్ ఒప్పందం, అంతే. అది బీమానా అని తెలుసుకోవడానికి యూఐఎన్ నంబర్ అడగండి, ప్రతి బీమా పాలసీకీ ఉండే గుర్తింపు సంఖ్య అది. అది ఉంటే మీకు కొన్ని హక్కులు ఉంటాయి: పత్రం చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కిచ్చేయవచ్చు, చిన్న కోతలు పోగా ప్రీమియం తిరిగొస్తుంది. గొడవైతే ముందు కంపెనీకి రాసి, తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ ఆ కార్యాలయమే. డిస్కౌంట్ కార్డుకు ఇవేవీ ఉండవు. సగం ధరకు టెస్టు అంటారు, అదే టెస్టు పక్క ల్యాబులో ఆఫర్ రోజున ఎంతో ముందు అడగండి.

చివరి మెట్టు: కొనాలనే తేలితే

షరతులన్నీ పోగా, మీ వంతు కోత తీసేశాక, పన్ను ఆదా కలిపాక మీ చేతికొచ్చేది ప్రీమియం కంటే కనీసం మూడో వంతు ఎక్కువ ఉంటేనే కొనమంటాను. ఈ మూడో వంతు నేను పెట్టుకున్న గీత. మరిచిపోయిన బిల్లులు, తిరస్కరించిన క్లెయిములు, వచ్చే ఏడాది పెరిగే ప్రీమియం అందులో సర్దుకుంటాయి. వాడని పరిమితి వచ్చే ఏడాదికి చేరుతుందా, ఓపీ క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏడాదికి ఇచ్చే ప్రయోజనం) తగ్గుతుందా అన్నవి రెండూ రాతపూర్వకంగా అడగండి. ఏజెంటు 'లేదు సార్, తగ్గదు' అంటే ఆ మాట మెయిల్‌లో పంపమనండి.

పత్రం వచ్చిన వారంలోనే నెట్‌వర్క్ జాబితాలోంచి మీరు నిజంగా వెళ్లే రెండు క్లినిక్‌లకూ ఒక ల్యాబుకూ ఫోన్ చేయండి. ఈ ప్లాన్ మీద క్యాష్‌లెస్ (మనం కట్టకుండా బిల్లు నేరుగా కంపెనీకే వెళ్లడం) చేస్తారా, ఏ రోజుల్లో చేస్తారు, అప్పటికప్పుడు అప్రూవల్ వస్తుందా అని రిసెప్షన్లో అడగండి. మూడింటిలో రెండు చోట్ల 'ఏ ప్లాన్ అండీ?' అని ఎదురు ప్రశ్న వస్తే, 30 రోజుల గడువు ఇంకా ఉండగానే పత్రం వెనక్కి పంపేయండి.